‘గెట్’ అంటే ‘పొందు’ అని నేర్పారు మనకి

ఒకసారి రాత్రిపూట మీటింగ్ ఎంతకీ తెమలకపోతే, నాతో పనిచేసే ఒక బ్రిటిష్ ఆవిడకి చాట్‌లో ‘ఐ యామ్ గెటింగ్ స్లీప్’ అని మెసేజ్ పెట్టాను. నిద్రొస్తోంది అని నా ఉద్దేశం. ఆవిడ వెంటనే ‘మంచిది, సంతోషం’ అన్నట్టు జవాబిచ్చింది. ఈమధ్య నాకు రాత్రుళ్ళు నిద్ర బాగా పడుతోందని చెప్తున్నాననుకుంది. నిద్రొస్తోంది అనాలంటే ‘గెటింగ్ స్లీపీ’ అనాలట, ‘గెటింగ్ స్లీప్’ అంటే కంటినిండా నిద్ర దక్కుతోందని అర్థమట. చివర ఒక్క ‘ఈ’ శబ్దమే తేడా. ఆ తేడా ఎక్కడినుంచి వచ్చిందా అని వెతకడం మొదలుపెట్టి ఇప్పటికి కొన్ని నెలలైంది, ఈ చిన్న మాట ఇంకా నన్ను వదల్లేదు.

బడిలో మనందరికీ ‘గెట్ అంటే పొందు’ అని ఒక్క ముక్కలో చెప్పేశారు. కానీ ఆ ‘పొందు’ అనే మాట మనమే నోటితో ఎప్పుడో గానీ అనం. ‘నేను ఉద్యోగం పొందాను’ అని ఇంట్లో ఎవరైనా చెప్తారా? ఉద్యోగం వచ్చింది అంటాం. గాట్ లేట్ అంటే ఆలస్యమైంది. గాట్ హోమ్ అంటే ఇంటికి చేరాను. గెట్ మీ సమ్ వాటర్ అంటే కాసిని నీళ్ళు తెచ్చిపెట్టు. ఐ డోంట్ గెట్ ఇట్ అంటే నాకు అర్థం కావట్లేదు. వాళ్ళిద్దరూ డోంట్ గెట్ అలాంగ్ అంటే వాళ్ళిద్దరికీ పడదు. ఇన్నిట్లో ఒక్కచోట కూడా ‘పొందు’ రాలేదు. అంటే మనకి నేర్పిన ఆ ఒక్క అర్థం పరీక్షలో ఖాళీ నింపడానికి పనికొచ్చిందేమో గానీ, మాట లోపల ఏముందో చూపించలేదు.

లోపల ఉన్నది చెయ్యి. చేత్తో పట్టుకోవడం.

భాషల చుట్టరికాలు చదివేవాళ్ళు యూరప్ భాషలకీ సంస్కృతానికీ తల్లిలాంటి ఒక పాత భాషని ఊహించి, అందులో ‘ఘెండ్’ అనే ధాతువు ఉండేదని, దాని అర్థం పట్టుకోవడమని చెప్తారు. ఆ భాషలో రాసినది ఏదీ మిగల్లేదు, పిల్లల ముఖాలు చూసి తల్లి పోలికలు చెప్పినట్టు కూతురు భాషలని పోల్చి చెప్పే లెక్క ఇది. ఆ ధాతువే లాటిన్‌లో ‘ప్రెహెండెరె’ అనే క్రియలో కూర్చుంది. అక్కణ్ణుంచి వచ్చినవాళ్ళని చూడండి: కాంప్రహెండ్ అంటే బుర్రతో పట్టుకోవడం, అప్రహెండ్ అంటే పోలీసులు పట్టుకోవడం, ప్రిజన్ అంటే పట్టుకున్నవాళ్ళని ఉంచేచోటు, సర్‌ప్రైజ్ అంటే అనుకోకుండా వచ్చి పట్టేయడం, అప్రెంటిస్ అంటే పని పట్టు తెలుసుకుంటున్నవాడు. ఇవన్నీ ఫ్రెంచి మీదుగానో నేరుగా లాటిన్ నుంచో ఇంగ్లిష్‌లోకి వచ్చిన దొరబాబులు. ‘గెట్’ మాత్రం వేరే దారిలో, పడవ మీద వచ్చింది.

ఆ పడవలు స్కాండినేవియా నుంచి సముద్రం దాటి వచ్చిన వైకింగులవి. 793లో ఇంగ్లండ్ ఈశాన్య తీరంలోని లిండిస్‌ఫార్న్ మఠం మీద పడి దోచుకున్న దగ్గర్నుంచి వాళ్ళ పేరు అక్కడి రాతల్లో భయంగా వినిపిస్తుంది. తర్వాతి వందేళ్ళలో దోచుకుపోవడానికి వచ్చినవాళ్ళు చాలామంది అక్కడే ఉండిపోయారు, పొలాలు దున్నారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు. ఇంగ్లిష్ వాళ్ళ భాషా వీళ్ళ నార్స్ భాషా దగ్గరి చుట్టాలే కాబట్టి ఒకరి మాట ఒకరికి కొంచెం కష్టపడితే అర్థమయ్యేది. ఇరుగుపొరుగుగా తరాల తరబడి బతికితే మాటలు ఎలా కలుస్తాయో అలాగే కలిశాయి. అందుకే నార్స్ నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చిన మాటలు గొప్ప గొప్పవి కావు, అన్నీ చేతికందే రోజువారీవి: టేక్, కాల్, లెగ్, స్కిన్, స్కై, నైఫ్, విండో. చివరికి ‘దే’, ‘దెమ్’ లాంటి సర్వనామాలు కూడా వాళ్ళవే. పరాయి భాష నుంచి పేర్లు తీసుకోవడం ఎవరైనా చేస్తారు, ‘వాళ్ళు’ అనే మాట కూడా అరువు తెచ్చుకున్నారంటే ఆ రెండు జాతులూ ఎంత కలిసిపోయి బతికాయో చూడండి. ఆ వరసలోనే నార్స్ ‘గెటా’ కూడా వచ్చింది. సుమారు 1200 నాటికి అది ఇంగ్లిష్ రాతల్లో కనిపిస్తుంది.

ఇంతకీ ఇంగ్లిష్‌కి అప్పటికే ఆ ధాతువు నుంచి సొంత మాట ఉంది. కాకపోతే అది ఒంటరిగా దాదాపు ఎక్కడా కనపడదు, ముందు ఏదో ఒక ఉపసర్గ తగిలించుకునే ఉంటుంది. పైగా అందులోని ‘గ’ని వాళ్ళు ‘య’లా పలికేవాళ్ళు. ‘బెయెటన్’ అంటే సంపాదించడం, ‘ఫోర్‌యెటన్’ అంటే మర్చిపోవడం, ‘ఓన్‌యెటన్’ అంటే గ్రహించడం. మూడోది ఇంగ్లిష్‌లో చచ్చిపోయింది, నాకు అదే బాధ. ‘ఐ గెట్ ఇట్’ అని ఇవాళ అర్థమైందనడానికి అంటున్నామే, అదే పోలిక ఆ పాత మాటలో వెయ్యేళ్ళ కిందటే ఉంది.

ఈ ‘గ’, ‘య’ల గొడవకి ఒక చక్కటి సాక్ష్యం ఉంది. ఇంగ్లండ్‌లో మొదటి ప్రెస్సు పెట్టిన విలియం కాక్‌స్టన్ 1490లో తను అచ్చేసిన ఒక పుస్తకానికి ముందుమాటలో చెప్తాడు. థేమ్స్ నదిలో కొందరు వర్తకుల ఓడ గాలి లేక ఆగిపోయింది. వాళ్ళు ఒడ్డుకి దిగి ఒకావిడ ఇంటి దగ్గర ‘ఎగ్స్’ ఉన్నాయా అని అడిగారు. ‘నాకు ఫ్రెంచి రాదండీ’ అంది ఆవిడ. అడిగినాయనకి కోపమొచ్చింది, ఎందుకంటే ఆయనకీ ఫ్రెంచి రాదు, కావలసింది గుడ్లు. చివరికి ఇంకొకాయన ‘ఐరెన్’ అని అడిగితే అప్పుడర్థమైంది ఆవిడకి. ‘ఎగ్’ నార్స్ నుంచి వచ్చింది, ‘ఐరెన్’ ఇంగ్లిష్ సొంతం. వైకింగులు వచ్చి ఆరేడు వందల ఏళ్ళైనా రెండు మాటలూ ఇంకా పోట్లాడుకుంటూనే ఉన్నాయన్నమాట. ‘గివ్’ కూడా అంతే, పద్నాలుగో శతాబ్దపు రాతల్లో దాన్ని ‘యివ్’ అని రాసినవి బోలెడు. గట్టి ‘గ’ గెలిచింది కాబట్టి ఇవాళ ‘గెట్’ అంటున్నాం. లేకపోతే ‘ఐ యెట్ ఇట్, ఐ ఫర్‌యెట్ ఇట్’ అనేవాళ్ళమేమో.

‘ఫర్‌గెట్’లో ‘గెట్’ ఉందని నాకు ఇన్నేళ్ళూ కంటికి కనిపిస్తూనే ఉంది, ఎప్పుడూ చూడలేదు. ముందున్న ‘ఫర్’ అంటే దూరంగా, చేజారేలా. అంటే ఫర్‌గెట్ అంటే పట్టు తప్పిపోవడం. చేతిలో ఉన్నది జారిపోవడం. జర్మన్‌లో ‘ఫెర్‌గెసెన్’ అన్నా అదే మాట, అక్కడ విడిగా ఉండే క్రియ పోయి ఈ మరుపు మాత్రమే మిగిలింది. ‘బిగెట్’ ఇంకో తోబుట్టువు. 1611లో వచ్చిన ఇంగ్లిష్ బైబిల్లో ఫలానా ఆయన ఫలానా ఆయన్ని ‘బిగ్యాట్’, అంటే కన్నాడు, అంటూ వంశావళి సాగుతుందే, అది. ‘గెస్’ కూడా బహుశా ఈ కుటుంబానిదే. నార్స్ గెటాకి ఊహించడం అనే అర్థం కూడా ఉండేది. చీకట్లో చెయ్యి చాచి తడిమితే ఏదో తగులుతుంది చూడండి, ఊహ అంటే అదేగా.

ఇక్కడికొచ్చాక మన మాటల వైపు చూడకుండా ఉండలేకపోయాను. ‘గ్రహించు’ అంటున్నామే, సంస్కృతంలో ‘గ్రహ్’ అంటే పట్టుకోవడం. గెట్‌తో దానికి చుట్టరికం లేదు, ధాతువు వేరు, కానీ ఆలోచన అదే. విషయం పట్టేశాడు అంటాం, పని పట్టుబడింది అంటాం. ఇంతవరకూ ఇంగ్లిష్‌తో మనకి పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, ఎవరు ఎవర్ని పట్టుకున్నారన్న దగ్గర.

ఇంగ్లిష్ వాడు ‘ఐ గాట్ ఎ కోల్డ్’ అంటాడు. వాక్యం కట్టిన తీరు చూస్తే మనిషి వెళ్ళి జలుబుని పట్టుకున్నాడు. మనకి జలుబు పట్టింది. జలుబే వచ్చి మనిషిని పట్టుకుంది. నిద్ర పట్టింది, పిచ్చి పట్టింది, దయ్యం పట్టింది, అదృష్టం పట్టింది: చెయ్యి ఎప్పుడూ వాటిదే, మనిషి దొరికేవాడు. పట్టడం కాకపోతే రావడం. కోపం వచ్చింది, నవ్వు వచ్చింది, డౌటు వచ్చింది, ఉత్తరం వచ్చింది, ఉద్యోగం వచ్చింది. అన్నీ నడిచొచ్చి ‘నాకు’ దగ్గర ఆగుతాయి. ‘నేను’ కాదు, ‘నాకు’. ఆ ‘కు’ అనే చిన్న విభక్తి తెలుగులో ఎంత బరువు మోస్తుందో గెట్ గురించి తవ్వేదాకా నాకు తెలియలేదు. గుర్తుకు వస్తుంది, మరచి పోతాం, ఇక్కడా రావడం పోవడమే. ఇంగ్లిష్‌లోనూ వచ్చేవి లేకపోలేదు గానీ, మొత్తం మీద వాళ్ళు చేత్తో చెప్పేదాన్ని మనం కాళ్ళతో చెప్తాం.

నేను ఆ రాత్రి చేసింది అదే. ‘నిద్ర వస్తోంది’లో ‘వచ్చు’ తీసి ‘గెట్’ పెట్టాను. మనలో చాలామంది ఇలాగే చేస్తాం, ‘ఐ గాట్ ఎ డౌట్’, ‘ఐ యామ్ గెటింగ్ యాంగర్’. మొదటిది మనవాళ్ళ మధ్య చెల్లిపోతుంది, రెండోది బయట ఎక్కడా చెల్లదు. ఎందుకు చెల్లదో తెలియాలంటే పట్టుకోవడం అనే అర్థం ‘అవడం’గా ఎలా మారిందో చూడాలి, నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా నచ్చిన భాగం ఇది.

మొదట వస్తువుని పట్టుకున్నారు. తర్వాత చోటుని పట్టుకున్నారు, అంటే చేరారు: గెట్ హోమ్, గెట్ దేర్. మన ‘దారి పట్టాడు’, ‘ఒడ్డున పడ్డాడు’ లాగా చోటు కూడా ఒక దక్కేది. ఆ తర్వాత చోటు స్థానంలో స్థితి వచ్చి కూర్చుంది. గెట్ వెట్ అంటే తడిసిన స్థితికి చేరడం. గెట్ ఓల్డ్ అంటే ముసలితనానికి చేరడం. అందుకే కోపం విషయంలో వాళ్ళు కోపం అనే వస్తువుని పట్టుకోరు, కోపంగా ఉండే స్థితికి చేరతారు: గెట్ యాంగ్రీ. స్లీపీ కూడా అంతే. స్లీప్ అంటే మాత్రం వస్తువు, దక్కేది, గంటల్లో లెక్కపెట్టేది. ఆవిడ నాకు అందుకే సంతోషం చెప్పింది.

ఈ మాట ఎన్ని వేషాలేస్తుందో చూసి చిరాకు పడినవాళ్ళు ఇంగ్లండ్‌లోనూ ఉన్నారు. 1780ల చివర్లో ఫిలిప్ విథర్స్ అనే ఆయన, ఈ గెట్ వాడకం మితిమీరిందని చూపించడానికి, దాదాపు ప్రతి వాక్యంలోనూ అదే క్రియ వచ్చేట్టు ఒక ఉత్తరం అల్లాడు. దాన్ని ఒక సాయంత్రం కూర్చుని తెలుగులో చెప్పుకుంటూ పోయాను. నీ ఉత్తరం అందిన పది నిమిషాల్లో గుర్రం ఎక్కాను. కాంటర్‌బరీ చేరి బండి మాట్లాడుకున్నాను. చేరేలోపే పూర్తిగా తడిసిపోయాను. జలుబు చేసింది, ఇప్పట్లో వదిలేలా లేదు. గడ్డం గీయించుకున్నాను. అర్జీ పెట్టే కిటుకు తెలిసింది, జవాబు మాత్రం రాలేదు. మంచమెక్కాను, కాసేపట్లోనే నిద్ర పట్టింది. పొద్దున లేచాను. ఈ క్రియలన్నీ ఆయన ఉత్తరంలో ఒక్క ‘గెట్’. తెలుగులో అందడం, ఎక్కడం, చేరడం, మాట్లాడుకోవడం, తడవడం, చేయడం, వదలడం, గీయించుకోవడం, తెలియడం, రావడం, పట్టడం, లేవడం. ఆయన దాన్ని బద్ధకపు మాట అనుకున్నాడు. నాకలా అనిపించలేదు. ఆ మాట వదిలేసిన పనంతా పక్కనున్న మాటలు చేస్తున్నాయి, ఆన్, అప్, రిడ్, వెట్, షేవ్డ్. గెట్ మాత్రం ‘అప్పటిదాకా లేనిది ఇప్పుడైంది’ అని ఒక్కటే చెప్పి పక్కకి తప్పుకుంటోంది. మనకి క్రియలోనే బొమ్మ ఉంటుంది, తడిసిపోవడం అనగానే నీళ్ళు కనిపిస్తాయి. రెండూ రెండు రకాల అందాలు.

గడ్డం ‘గీయించుకున్నాను’ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ‘గాట్ షేవ్డ్’లో గీసినవాడు ఇంకొకడు. మనకి ‘ఇంచు’ ఉంది, ‘కొను’ ఉంది, రెండూ ఒకే మాటలో ఇమిడిపోయాయి. ఇంగ్లిష్‌కి అది లేదు కాబట్టి మేక్, హ్యావ్, గెట్ అని మూడిటితో లాక్కొస్తుంది, అందులో తేడాలు కూడా పెట్టుకుంది. మేడ్ హిమ్ కమ్ అంటే బలవంతంగా రప్పించాను. హ్యాడ్ హిమ్ కమ్ అంటే చెప్పి రప్పించాను. గాట్ హిమ్ టు కమ్ అంటే బతిమాలో నచ్చజెప్పో ఎలాగో ఒప్పించి రప్పించాను. మూడోదానిలో ఆ పట్టు, ఆ శ్రమ ఇంకా వినిపిస్తున్నాయి. తెలుగులో మూడూ ‘రప్పించాను’, ఎలా అన్నది ముందు చెప్పుకోవాలి.

అలాగే ‘వాజ్ కాట్’కీ ‘గాట్ కాట్’కీ తేడా. రెండోది ఎక్కువగా అనుకోకుండా జరిగినదానికి, అందులోనూ మంచిది కానిదానికి వాడతారు. మనవాళ్ళు దానికి సరిగ్గా ‘దొరికిపోయాడు’ అంటారు. ఇంతకన్నా మంచి అనువాదం నేనైతే చూడలేదు.

‘గాటెన్’ గురించి చెప్పకపోతే ఎవరో ఒకరు అడుగుతారు. మనం గెట్, గాట్, గాట్ అని బట్టీపట్టాం, అమెరికా వాళ్ళు గాటెన్ అంటే తప్పనుకుంటాం. నిజానికి పాతది అదే. బైబిల్ వచ్చిన ఆ కాలంలో ఇంగ్లండ్‌లోనూ గాటెన్ అనేవాళ్ళు, సముద్రం దాటినవాళ్ళు దాన్ని వెంట తీసుకుపోయి ఉంచుకున్నారు, ఇంట్లో ఉన్నవాళ్ళు పారేసుకున్నారు. ఫర్‌గాటెన్‌లో మాత్రం అందరి దగ్గరా మిగిలింది. అమెరికాలో దానివల్ల ఒక లాభం కూడా ఉంది, ‘ఐ హ్యావ్ గాట్’ అంటే నా దగ్గర ఉంది, ‘ఐ హ్యావ్ గాటెన్’ అంటే నాకు వచ్చింది, లేక అయింది. ఈసారి ఎవరైనా తప్పని దిద్దబోతే ఈ తేడా చెప్పండి.

చివరిగా ఇంకొకటి. వైకింగుల భాషకి ఈ రోజుల్లో బాగా దగ్గరగా ఉన్నది ఐస్‌లాండ్ భాష. అక్కడ ‘గెటా’ ఇంకా బతికే ఉంది, కానీ ప్రధానంగా దాని అర్థం ‘చేయగలగడం’. వాళ్ళు ‘యెగ్ గెట్’ అంటే ‘నేను చేయగలను’ అని. అందగలిగినది చేయగలిగినదైంది. అది చదివినప్పుడు కాసేపు అలాగే కూర్చుండిపోయాను, ఎందుకంటే మనం ‘నాకు ఈత వచ్చు’ అంటాం. ‘నువ్వు వెళ్ళవచ్చు’ అంటాం. ఉత్తరం రావడానికీ కోపం రావడానికీ నిద్ర రావడానికీ వాడిన ఆ ‘వచ్చు’నే తీసుకొచ్చి చేయగలగడానికీ పెట్టుకున్నాం. వాళ్ళు చేత్తో పట్టుకుంటూ వెళ్ళి చేరినచోటికే, ఒకరికొకరు తెలియని ఈ రెండు భాషల్లో మనది నడుచుకుంటూ చేరింది.